ఎడ్గార్ అలన్ పో అద్దె ఇళ్లు: ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, రిచ్‌మండ్

హారర్ కథలంటే ప్రాణం పెట్టేవాళ్లు అమెరికా తూర్పు తీరానికి వెళ్తే ఎక్కువమంది మంత్రగత్తెల విచారణలకు పేరుపడ్డ సేలం ఊరి దారి పడతారు. నన్నడిగితే ముందు హారర్ కథల రచయిత ఎడ్గార్ అలన్ పో బతికిన ఊళ్లకు వెళ్లమంటాను. 1809లో పుట్టి 1849లో పోయాడు. నలభై ఏళ్ల జీవితంలో సొంత ఇల్లన్నది లేదు. మనకు చూడటానికి మిగిలినవి అద్దె ఇళ్లే. భయపడదామని వెళ్తే అక్కడ దెయ్యాలేం కనబడవు. రాతమీదే బతకాలని పట్టుబట్టిన ఒక మనిషి ఎంత లేమిలో బతికాడో కనబడుతుంది. కథలకన్నా అదే నన్ను ఎక్కువ కదిలించింది.

కారు అక్కర్లేదు, మూడు ఊళ్లకూ ఆమ్‌ట్రాక్ రైలు ఉంది. ఫిలడెల్ఫియా నుంచి బాల్టిమోర్ గంటకు కాస్త పైన. అక్కణ్ణించి రిచ్‌మండ్ మూడు గంటల పైమాటే. రిచ్‌మండ్‌లో రెండు స్టేషన్లున్నాయి. మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగితే పో మ్యూజియంకి నడిచి వెళ్లొచ్చు. చాలా రైళ్లు మాత్రం ఊరికి దూరంగా ఉన్న స్టేపుల్స్ మిల్ రోడ్ వరకే వెళ్తాయి. టికెట్ కొనేటప్పుడే ఇది చూసుకోవాలి, లేకపోతే క్యాబ్‌కి డబ్బులు వదులుతాయి.

ఫిలడెల్ఫియాలో పో దాదాపు ఆరేళ్లున్నాడు, 1838 నుంచి 1844 దాకా. అతని కెరీర్‌లో మంచి రోజులంటే ఇవే. గ్రాహమ్స్ మ్యాగజైన్‌లో ఎడిటర్‌గా ఏడాదికి 800 డాలర్ల జీతం. డిటెక్టివ్ కథలకు ఆద్యం అని చెప్పుకునే కథ 1841లో ఆ పత్రికలోనే వచ్చింది. ఆ ఊళ్లో అతను ఉన్న ఇళ్లలో ఒక్కటే మిగిలింది, నార్త్ సెవెంత్ స్ట్రీట్‌లో. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటోంది, ప్రవేశం ఉచితం. ఇండిపెండెన్స్ హాల్ నుంచి దాదాపు మైలు దూరం. వారమంతా తెరిచి ఉండదు, కాబట్టి వేళలు చూసుకునే బయల్దేరండి.

ఈ ఇంట్లో సామాను ఏమీ ఉండదు. పో కుటుంబం ఏ వస్తువులు వాడిందో ఆధారాలు లేవు కాబట్టి, ఊహించి నింపడం కంటే ఖాళీగా ఉంచడమే మేలనుకున్నారు. పెచ్చులూడిన గోడలు, రంగు వెలిసిన తలుపులు, నడిస్తే చప్పుడు చేసే చెక్క నేల. కొంతమంది లోపలికొచ్చి రెండు నిమిషాల్లో వెళ్లిపోతున్నారు. నాకు మాత్రం మూడు ఊళ్లలోనూ ఇదే బాగా నచ్చింది. అతని భార్య వర్జీనియాకి 1842 జనవరిలో పాడుతుండగా నోటి నుంచి రక్తం పడింది. క్షయ. ఆ జబ్బుతోనే ఆమె ఈ ఇంటి మెట్లు ఎక్కి దిగింది. ఆ గదుల్ని పాత కుర్చీలతో, తెరలతో నింపేసి ఉంటే నేను ఇవేవీ ఆలోచించేదాన్ని కాదు.

సెల్లార్‌లోకి తప్పకుండా దిగండి. పో రాసిన 'నల్ల పిల్లి' కథలో భార్య శవాన్ని దాచిపెట్టి గోడ కట్టేసే చోటు గుర్తుందా? ఇక్కడ గోడలోంచి ముందుకొచ్చిన ఉత్తుత్తి పొగగూడు ఒకటి ఉంది, కథలో వర్ణించినట్టే. ఆ కథ 1843 ఆగస్టులో అచ్చయింది, అంటే ఈ ఇంటి కాలపుదే. ఇటుకల మధ్య సున్నం రాలిపోతున్న ఆ మూల దగ్గర నిలబడితే, ఇంట్లో రోజూ చూసే చోటే కథలోకి ఎలా వెళ్లిందో కళ్లకు కడుతుంది. డ్యూటీలో ఉన్న రేంజర్ వెంటపడి వివరించలేదు, అడిగితే మాత్రం ఓపిగ్గా చెప్పారు. ఇంత మంచి సేవ టికెట్ పెట్టిన చోట్ల కూడా దొరకలేదు.

అదే ఊళ్లో ఫ్రీ లైబ్రరీ పార్క్‌వే సెంట్రల్ భవనంలో అరుదైన పుస్తకాల విభాగం ఉంది. చార్లెస్ డికెన్స్ పెంచుకున్న గ్రిప్ అనే మాలకాకి (రేవెన్), చనిపోయాక స్టఫ్ చేయించింది, అక్కడ గాజు పెట్టెలో ఉంది. డికెన్స్ నవల ఒకదానిలో ఈ కాకి పాత్రగా వస్తుంది. పో ఆ నవలను సమీక్షిస్తూ, కాకిని ఇంకా బాగా వాడుకోవాల్సింది అన్నాడు. 1845లో అలాంటి కాకి మీదే 'ది రేవెన్' అనే కవిత అచ్చేసి పేరు తెచ్చుకున్నాడు. పేరే వచ్చింది గానీ డబ్బు రాలేదు. ఈ లైబ్రరీ విభాగం చూడటమూ ఉచితమే.

బాల్టిమోర్‌లో ఆమిటీ స్ట్రీట్ ఇల్లు మరీ చిన్నది. మెట్లు ఎంత ఇరుకంటే పైకి వెళ్లేవాళ్లు, దిగేవాళ్లు ఒకరికొకరు దారివ్వడానికి ఆగాల్సిందే. అటక గదిలో కప్పు వాలుగా దిగివచ్చి తలకు తగులుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద గదులతో సరిపెట్టుకోవడం మంచిది. 1830ల మొదట్లో ఇందులో పో, అతని మేనత్త మరియా క్లెమ్, ఆవిడ కూతురు వర్జీనియా, మంచంపట్టిన నాయనమ్మ కలిసి ఉండేవారు. నాయనమ్మకు ఏడాదికి వచ్చే 240 డాలర్ల పెన్షనే ఆ ఇంటికి ఆధారం. 1833లో ఒక వారపత్రిక పోటీలో పో కథకు 50 డాలర్ల బహుమతి వచ్చింది. పెన్షన్ అంకె పక్కన పెట్టి చూస్తే ఆ బహుమతి విలువ ఏంటో తెలుస్తుంది. తర్వాత 1836లో అతను పెళ్లి చేసుకునేసరికి వర్జీనియాకి పదమూడేళ్లు. చదువుతుంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోదు.

ఇల్లు తెరిచి ఉండే రోజులు ఇక్కడా తక్కువే, టికెట్ ఉంది. చుట్టుపక్కల వీధులు కాస్త బోసిగా ఉంటాయి, ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు పగటిపూట క్యాబ్‌లో వెళ్తే టెన్షన్ ఉండదు. అక్కడికి దగ్గర్లోనే వెస్ట్‌మిన్‌స్టర్ చర్చి ఆవరణలో పో సమాధి. 1849లో అతన్ని గుర్తు కూడా లేకుండా వెనకవైపు పూడ్చారు. 1875లో గేటు దగ్గర పాలరాతి స్మారకం కట్టి అక్కడికి మార్చారు. బడి పిల్లలు కూడా పైసా పైసా పోగేసి ఇచ్చారు కాబట్టి, వచ్చినవాళ్లు ఇప్పటికీ దానిమీద సెంట్ నాణేలు పెడుతుంటారు. పుట్టిన తేదీ జనవరి 19 అయితే రాయిమీద 20 అని చెక్కారు, దగ్గరికెళ్లి చూడండి. బతికినప్పుడూ పోయాకా ఈ మనిషి విషయంలో ఎవరూ సరిగ్గా శ్రద్ధ పెట్టలేదనిపించింది.

బస హార్బర్ దగ్గర తీసుకున్నాను. గది బాగుంది, నీళ్ల వైపు కిటికీ. కానీ బుక్ చేసినప్పుడు చూపించని ఫీజు ఒకటి బిల్లులో చేర్చారు, అడిగినా తీయలేదు. ఫిలడెల్ఫియాలోనే మకాం పెట్టి బాల్టిమోర్‌కి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడం ఖర్చుకీ ఓపికకీ మంచిది.

రిచ్‌మండ్‌లో పో పెరిగాడు. రెండేళ్లు దాటి మూడోయేట ఉండగా తల్లి ఇక్కడే చనిపోతే, జాన్ అలన్ అనే వ్యాపారి కుటుంబం పెంచింది. 1922లో మొదలైన ఇక్కడి మ్యూజియం పాత రాతి ఇంట్లో ఉంది, అయితే పో ఎప్పుడూ ఆ ఇంట్లో ఉండలేదు. ఆ ఒక్క వెలితి వదిలేస్తే వస్తువుల పరంగా దీనికి సాటి లేదు. చిన్నప్పటి మంచం, వెయిస్ట్‌కోటు, ట్రంకు పెట్టె అన్నీ ఉన్నాయి. తోటలో కూర్చుని సేదతీరొచ్చు, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదే సరైన చోటు. ఒక్క రోజే ఉంటే మాత్రం రిచ్‌మండ్ వదిలేసి ఫిలడెల్ఫియాకే వెళ్లండి.

జనవరి 19 దగ్గర్లో బాల్టిమోర్‌లో అతని పుట్టినరోజు జరుపుతారు. అక్టోబర్ మొదట్లో పో ఉత్సవం ఉంటుంది, 1849లో అతను అక్కడే చనిపోయింది అక్టోబర్ 7న. ఆ రోజుల్లో హోటళ్ల రేట్లు, జనం రెండూ చూసుకుని వెళ్లండి. నేనైతే ఏ ఉత్సవమూ లేని మామూలు వారాంతానికే ఓటేస్తాను. ఆ ఇరుకు మెట్లమీద మన వెనక ఎవరూ తొందరపెట్టకూడదు.