స్టార్ ఫాక్స్ 2: ఆడాల్సిన గేమే
1995లోనే పూర్తిగా తయారై, అమ్మకానికి రాకుండా ఆగిపోయి, చివరికి 2017 సెప్టెంబరులో సూపర్ నింటెండో క్లాసిక్ అనే బుల్లి గేమ్ కన్సోల్‌లో బయటికొచ్చిన నింటెండో కంపెనీ అంతరిక్ష యుద్ధపు వీడియో గేమ్ ఇది. ఆ కథ తెలిసిన చాలామంది ముచ్చటకి ఓసారి పెట్టి చూసి వదిలేస్తున్నారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు కన్సోల్ తెచ్చిచ్చాక, విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో నేనూ పాపా ఎక్కువగా ఆడేది ఇదే.

1993లో వచ్చిన మొదటి భాగంలో దారి ముందే గీసి ఉంటుంది, కాల్చుకుంటూ పోవడమే మన పని. ఇందులో మ్యాప్ మన చేతిలో పెడతారు. విలన్ ఆండ్రాస్ పంపే మిసైళ్లు, ఫైటర్ విమానాలు మనం కాపాడాల్సిన కార్నేరియా గ్రహం మీదికి వస్తూనే ఉంటాయి. ముందు దేన్ని ఆపాలో మనమే తేల్చుకోవాలి. మనం ఒకచోట పోరాడుతున్నామని మిగతాచోట్ల ఏదీ ఆగదు. కార్నేరియా డ్యామేజీ 100 శాతమైతే గేమ్ ఓవర్.

మొన్న ఒక పెద్ద యుద్ధనౌక లోపలికి దూరాను. ఇరుకు దారి, చివర్లో నౌకకి గుండెకాయలాంటి కోర్. దాన్ని కొడుతుంటే పాప పక్కనుంచి "అమ్మా, తొందరగా, అక్కడ మిసైల్ వచ్చేస్తోంది!" అని ఒకటే అరుపు. కోర్ పేల్చి మ్యాప్‌లోకి వచ్చేసరికి రెండు మిసైళ్లు కార్నేరియా గుమ్మంలో ఉన్నాయి. ఈ టెన్షన్ ఇప్పటి పెద్ద పెద్ద గేముల్లో కూడా నాకు దొరకలేదు. గ్రహాల మీద దిగాక సెలెక్ట్ నొక్కితే విమానం రెండు కాళ్ల రోబోలా మారి నడుస్తుంది. మా పాపకి అదే పండగ.

పాప ఎప్పుడూ మియూ అనే పైలట్‌నే ఎంచుకుంటుంది. ఆరుగురు పైలట్లలో మియూ, ఫే ఇద్దరూ ఆడవాళ్లు, ఇద్దరూ ఈ గేమ్‌తోనే కొత్తగా వచ్చారు. 1997 నాటి స్టార్ ఫాక్స్ 64లో ఈ ఇద్దరికీ చోటు దక్కలేదు. నాకు అన్నిటికంటే బాధనిపించింది అదే. మనకి పోటీగా వచ్చే స్టార్ వుల్ఫ్ ముఠా, ఎటు కావాలంటే అటు తిరుగుతూ పోరాడే పద్ధతి మాత్రం ఆ గేమ్‌లోకి వెళ్లాయి.

గేమ్ బాగోలేక ఆపలేదు. అప్పటికే పోటీ కంపెనీల కొత్త కన్సోళ్లు ప్లేస్టేషన్, సాటర్న్ వచ్చేశాయి, నింటెండో కొత్త కన్సోల్ నింటెండో 64 రాబోతోంది. పాత కన్సోల్ మీది త్రీడీకీ కొత్తదాని త్రీడీకీ స్పష్టమైన తేడా కనపడాలని నింటెండోలో గేముల రూపకర్త మియమోతో అనుకున్నారు. కంపెనీ లెక్క నాకు అర్థమవుతుంది. కానీ ఈ గేమ్ ప్రోగ్రామర్ డిలన్ కత్‌బర్ట్ బృందం త్రీడీ బొమ్మల కోసం పెట్టిన చిన్న సూపర్ ఎఫ్ఎక్స్ 2 చిప్‌తో ఇంత పని చేయించి కూడా 22 ఏళ్లు ఆగాల్సి రావడం మాత్రం తలుచుకుంటే కష్టంగానే ఉంటుంది.

లోపాలున్నాయి. శత్రువులు ఎక్కువైతే బొమ్మ తడబడుతుంది, దూరంలో ఉన్నది ఫైటరో రాయో తెలీదు. నార్మల్ లెవెల్లో గంట లోపే అయిపోతుంది. కంట్రోలర్ వైరు పొట్టి. మా హాల్లో సోఫా దాకా రాదు, అందుకే కన్సోల్‌ని స్టూలు మీద ముందుకు జరిపి పెట్టుకున్నాం. వేరే గేమ్‌కి మారాలంటే లేచెళ్లి కన్సోల్ మీది రీసెట్ నొక్కాలి.

కరెంటు గురించి కంగారు అక్కర్లేదు, అమెరికా సెట్ అయినా యూఎస్‌బీ మీదే నడుస్తుంది, మన ఫోన్ చార్జర్ చాలు. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. జగదాంబ వైపు ఒక షాపులో అచ్చం ఇదే ఆకారంలో డూప్లికేట్ చూపించారు, వందల గేములన్నారు, ఇది మాత్రం లేదు. అసలు దాంట్లో ఉండేవి 21 గేములే. మొదటి స్టార్ ఫాక్స్‌లో తొలి స్టేజీ దాటితేనే ఇది తెరుచుకుంటుంది, కాబట్టి మెనూలో లేదని ఖంగారుపడొద్దు. ఇంట్లో నింటెండో స్విచ్ కన్సోల్ ఉంటే దాని ఆన్‌లైన్ సభ్యత్వంలో 2019 నుంచి ఇది దొరుకుతోంది, సెకండ్ హ్యాండ్ సెట్‌కి వేలకు వేలు పోయక్కర్లేదు.

నార్మల్ అయిపోగానే పక్కన పెట్టేయకండి. హార్డ్‌లో దాడులు బాగా పెరుగుతాయి, మ్యాప్ ముందు నిజంగా ఆలోచించాల్సొచ్చేది అక్కడే.