గండికోటకు కుటుంబంతో వెళితే ఎక్కడ దిగాలి?

గండికోట ప్రయాణంలో బస ఎక్కడన్నది, పెన్నా లోయను ఏ వేళలో చూడదలచుకున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. సూర్యోదయమే కావాలంటే కోట దగ్గర పడుకోక తప్పదు. పగటిపూట ఒకసారి చూసి వెనుదిరిగితే చాలనుకునేవారు కడపలోనో ప్రొద్దుటూరులోనో హాయిగా ఉండవచ్చు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మామగారికి తెల్లవారకముందే కాఫీ గొంతులో పడాలి. ఆడపడుచు పిల్లలకేమో గుడారంలో పడుకోవాలని ఆశ. ఇందరి కోరికలు ఒకే కప్పు కింద తీరవు కాబట్టి ఒక రాత్రి కోట దగ్గర గడిపి, మిగతా రోజులకు కడపలో ఒక ఇల్లు మొత్తంగా అద్దెకు తీసుకున్నాం. ఇద్దరే వెళ్లేటట్లయితే ఇల్లు తీసుకోవడం దండగ, హోటలు గది చాలు.

హైదరాబాద్ నుంచి వచ్చేవారు ముందు దారి తేల్చుకోవాలి. కర్నూలు దాటాక నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి నేరుగా కడపకు తీసుకుపోతుంది. బనగానపల్లె మీదుగా వెళితే బెలుం గుహలు చూసుకుని జమ్మలమడుగుకు దిగవచ్చు. మేము వెళ్లేటప్పుడు రెండో దారి పట్టి, తిరుగు ప్రయాణానికి మొదటిది ఉంచుకున్నాం. ఇక్కడ ఒక మాట. బెలుం ఒకప్పుడు కర్నూలు జిల్లాలోది, 2022లో జిల్లాలు విడిపోయాక నంద్యాల జిల్లాలోకి వచ్చింది. పాత లెక్కన కర్నూలు అని కొట్టి బస వెతికితే, ఇళ్లు అద్దెకు ఇప్పించే యాప్ కర్నూలు నగరంలోని ఇళ్లు చూపిస్తుంది. అక్కడి నుంచి గుహలకు వంద కిలోమీటర్ల పైమాటే. దానికంటే తాడిపత్రి చాలా దగ్గర. అక్కడ దిగితే బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వెంకటరమణ ఆలయం కూడా తీరిగ్గా చూడవచ్చు.

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు వరకే సందర్శకులను పోనిస్తారు. లోపలికి గాలి పంపుతున్నా ఉక్కపోత మాత్రం ఉంటుంది. పెద్దవాళ్లు బయటే బుద్ధుడి విగ్రహం వైపు నీడ చూసుకుని కూర్చున్నారు, పిల్లలు పాతాళగంగ దాకా వెళ్లి చెమటలు కక్కుతూ పైకొచ్చారు.

ఇక ఇల్లు వెతకడం. ఇలాంటి యాప్‌లలో డబ్బు కట్టేవరకు ఇంటి కచ్చితమైన చిరునామా కనిపించదు, పటం మీద ఒక వలయం గీసి ఊరుకుంటారు. గండికోటకు దగ్గర అని రాసుకున్న ఒక ఇంటి యజమానికి సందేశం పెట్టి, మీ ఇంటి నుంచి బస్టాండు ఎంత దూరమండీ అని అడిగాను. ప్రొద్దుటూరు బస్టాండుకు నడిచి వెళ్లవచ్చని సంబరంగా జవాబిచ్చారు. ప్రొద్దుటూరు మంచి ఊరే, బంగారం కొనేవారికి మరీ మంచిది. కానీ సూర్యోదయం కోసం అక్కడి నుంచి చీకట్లో బయలుదేరి, జమ్మలమడుగు చేరి, ఆపైన ఇంకో పదిహేను కిలోమీటర్లు పోవాలి. దగ్గర అన్న మాటకు హద్దు లేదు కాబట్టి బస్టాండో, రైల్వే స్టేషనో, కలెక్టరేటో ఒక గుర్తు చెప్పమని అడగాలి. వలయం ఎంత పెద్దదైనా అప్పుడు ఇల్లు ఎటువైపుందో తెలిసిపోతుంది.

ఫొటోలకు నేను పెద్దగా విలువ ఇవ్వను. సోఫా మీద దిండ్లు ఎన్ని రంగుల్లో ఉన్నా నాకేం ఒరుగుతుంది? స్నానాల గది ఫొటో పెట్టారా లేదా అన్నది చూస్తాను. పెట్టకపోతే అడుగుతాను. అడిగాక కూడా పంపకపోతే ఆ ఇంటిని వదిలేస్తాను. అభిప్రాయాల్లో తక్కువ చుక్కలు ఇచ్చినవి ముందు చదువుతాను, అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో రాసినవి. జనవరిలో రాయలసీమలో ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది. మే నెలలో దిగినవారు నీళ్లు రాలేదనో కరెంటు పోయిందనో రాస్తే అది పనికొచ్చే సమాచారం. యజమాని దానికి ఏం జవాబిచ్చారో కూడా చూస్తాను. తప్పు సర్దుకున్నవారు కొందరు, అతిథి మీద ఎగిరిపడినవారు ఇంకొందరు.

చివరికి రెండు ఇళ్లు మిగిలాయి. ఇద్దరు యజమానులకూ ఒకే ప్రశ్నలు పంపాను. బోరు నీళ్లా, మున్సిపాలిటీ నీళ్లా? కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఏవేవి నడుస్తాయి? ఇల్లు కింది అంతస్తులోనేనా, గుమ్మానికి ఎన్ని మెట్లు? కమోడ్ ఉందా? వంటింట్లో గ్యాసు, కుక్కరు ఉంటాయా, మాంసం వండుకోనిస్తారా? డ్రైవరు ఎక్కడ పడుకోవాలి? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. పగలంతా బండి నడిపిన మనిషి రాత్రి కారులోనే ముడుచుకుని పడుకుంటే మర్నాటి ప్రయాణానికి అది క్షేమం కాదు. మొదటి యజమాని అన్నింటికీ కలిపి అంతా బాగుంటుంది, రండి అన్నారు. పైగా యాప్ వదిలేసి నేరుగా యూపీఐలో సొమ్ము పంపితే తగ్గిస్తానన్నారు. అలా పంపితే రేపు తాళం తీసేవారు లేకపోయినా అడగడానికి దిక్కుండదు. రెండో ఇంటావిడ ఒక్కొక్కదానికీ విడివిడిగా సమాధానం రాశారు. "ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, లైట్లే నడుస్తాయమ్మా, ఏసీ నడవదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగడానికి క్యాన్లు పెట్టిస్తాను. డ్రైవరుకు వరండాలో మంచం, ఫ్యాను ఉన్నాయి." లోటు తనంతట తానే చెప్పిన ఆ ఇల్లే ఖాయం చేశాం.

ధర చూసేటప్పుడు మొదట కనిపించే రాత్రి అద్దెను నమ్ముకోకూడదు. శుభ్రం చేసే రుసుము, యాప్ రుసుము, పన్ను కలిశాక చివరి పేజీలో వచ్చే అంకెను మనుషుల సంఖ్యతో భాగిస్తే అసలు సంగతి తెలుస్తుంది. శుభ్రం చేసే రుసుము ఒక్కరాత్రికైనా, వారానికైనా ఒకటే కాబట్టి ఒక్క రాత్రికి ఇల్లు గిట్టుబాటు కాదు. హోటలు గదులైతే రోజుకు 7,500 రూపాయల వరకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. రద్దు నిబంధనలు ఇంటింటికీ మారతాయి. కొన్నిచోట్ల ముందురోజు వరకు మొత్తం వెనక్కి ఇస్తారు, కొన్నిచోట్ల అయిదు రోజుల ముందే చెప్పాలి. పెద్దవాళ్లతో ప్రయాణమంటే ఆఖరి నిమిషంలో ఏ జ్వరమో రావచ్చు గనుక కాస్త ఎక్కువైనా మొదటి రకమే నయం. గుర్తింపు కోసం ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపాను, ఎవరూ కాదనలేదు.

గండికోటలో పెద్దవాళ్లకు రాష్ట్ర పర్యాటక సంస్థ వారి హరిత హోటలులో గది తీసుకున్నాం. గదులు సాదాసీదాగా ఉంటాయి, కోట పక్కనే ఉండడమే దాని గొప్ప. పిల్లలు, వాళ్ల నాన్న ప్రైవేటు గుడారంలో పడుకున్నారు. గుడారం బాగుందా అంటే పిల్లలకు బ్రహ్మాండం. మరుగుదొడ్డి దూరం, అది కూడా పది గుడారాలవాళ్లకు ఉమ్మడి. రాత్రి గాలికి గుడ్డ టపటపా కొట్టుకుంటూనే ఉంది, తెల్లారేసరికి వాళ్ల నాన్న కళ్లు ఎర్రగా ఉన్నాయి. అరవై దాటినవారిని అందులో పడుకోబెట్టకండి.

తెల్లవారుజామున జుమ్మా మసీదు, ధాన్యాగారం దాటి బండల మీదుగా లోయ అంచుకు వెళ్లాం. అంచున కంచె ఏమీ లేదు. కింద పెన్నా, రెండు వైపులా పలకలు పేర్చినట్టున్న ఎర్రరాతి గోడలు. పిల్లల చెయ్యి వదలకుండా చూడవలసిన చోటు. మా అత్తగారు అక్కడిదాకా రాలేదు, రంగనాథాలయం స్తంభాల దగ్గరే ఆగిపోయారు. మాధవరాయ ఆలయ గోపురం మాత్రం దగ్గరగా చూశారు. ఎండెక్కకముందే అన్నీ చూసేశాం కాబట్టి పదింటికల్లా కడప దారి పట్టాం.

కడప ఇల్లు ఆవిడ చెప్పినట్టే ఉంది. కుళాయి మూతి చుట్టూ తెల్లగా సున్నం పేరుకుపోయింది, సబ్బు నురగ రావడానికి గింజుకోవాల్సిందే. పొయ్యి రెండు మంటలూ బాగా వెలిగాయి. కుక్కరుకు విజిల్ లేదు. పైఅంతస్తు నుంచి ఆవిడే తమది తెచ్చి పెట్టారు. మామగారి కాఫీ ఆయన అనుకున్న వేళకే దిగింది, హోటలులో అయితే ఏడింటి దాకా వంటగది తలుపే తెరవరు. ఒంటిమిట్ట అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లే. సాయంత్రం చల్లబడ్డాక వెళ్లి కోదండరాముడిని దర్శించుకుని భోజనం వేళకు ఇంటికొచ్చేశాం. చైత్రంలో అక్కడ రాత్రిపూట జరిగే కల్యాణానికి వెళ్లదలచినవారు మాత్రం ఇల్లు చాలా ముందుగా చూసుకోవాలి. పెద్ద దర్గా ఉరుసు రోజులకూ అంతే.

ఖాళీ చేయవలసిన వేళ పదకొండు. ఆ రోజు వేరే అతిథులు లేరని ముందే తెలుసుకుని, సామాన్లు సాయంత్రం వరకు వరండాలో ఉంచుకోవడానికి ఆవిడను ఒప్పించాం. దేవుని కడప చూసి, కారం దోసెలు తిని వచ్చేసరికి ఆవిడ పాత్రలు లెక్కపెట్టుకుంటున్నారు. ఒక గరిటె తక్కువైంది. అది మా టిఫిను సంచిలో దొరికింది. గుమ్మం దగ్గరే డిపాజిట్ తిరిగి ఇచ్చేశారు.