ఫ్లూక్ 9010ఏ: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

నా చేతికి వచ్చిన మొదటి ప్యాక్‌మ్యాన్ బోర్డు (ఆ పాత వీడియో గేమ్ యంత్రంలోని సర్క్యూట్ పలక), విద్యుత్తు ఇవ్వగానే తెర నిండా పొంతన లేని అక్షరాలు పరచి, సెకనుకు మూడు నాలుగు సార్లు అదురుతూ ఉండిపోయేది. ఆ అదురుకు కారణం వాచ్‌డాగ్ అనే లెక్కింపు సర్క్యూట్. ప్రోగ్రాము సవ్యంగా నడుస్తూ 50సీ0 అనే మెమరీ అడ్రసుకు ఎప్పటికప్పుడు రాస్తూ ఉండకపోతే, పదహారు ఫ్రేములు గడిచేసరికి అది ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. ప్రోగ్రామే నడవని బోర్డులో ఆ ప్రోగ్రాములోని స్వీయపరీక్ష కూడా నడవదు గనుక, లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి బయటి సాధనం ఒకటి కావలసి వచ్చింది. అప్పటికి చికాగో శివార్లలో స్థిరపడి ఉన్నాను. అందుకే ఫ్లూక్ 9010ఏ అనే లోపాలు వెతికే పరికరాన్ని, ప్యాక్‌మ్యాన్ బోర్డులోని జెడ్80 ప్రాసెసర్‌కు బదులుగా తగిలించే పెట్టె (పాడ్)తో సహా, తొమ్మిదేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను.

ఇది 1980ల తొలినాళ్లలో కర్మాగారాల కోసం, సర్వీసు కేంద్రాల కోసం తయారైన యంత్రం. బోర్డు మీది ప్రాసెసర్‌ను పెరికి, ఆ సాకెట్‌లో పాడ్ నుంచి వచ్చే నలభై పిన్నుల ప్లగ్గును గుచ్చితే, ఇక ఆ బోర్డుకు ప్రాసెసర్ మన చేతిలోని కీబోర్డే. ఏ అడ్రసునైనా చదవవచ్చు, దేనికైనా రాయవచ్చు. ఇంజనీరింగ్ కాలేజీలో 8085 ప్రాసెసర్ ట్రైనర్ కిట్ మీద హెక్స్ అంకెలు (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వరకూ ఉండే పదహారు) ఒక్కొక్కటిగా నొక్కుతూ సాయంత్రాలు గడిపిన మా తరం వారికి ఈ మీటలు, ఒకే వరుసలో వెలిగే ఆ డిస్‌ప్లే వెంటనే పరిచయమైపోతాయి. జెడ్80 కూడా 8085 లాగే 8080 వంశానిదే కదా.

ప్లగ్గు గుచ్చే ముందు మల్టీమీటరు తీయడం నాకు అలవాటుగా మారింది. 1980లో నామ్‌కో రూపొందించగా అమెరికాలో మిడ్‌వే తయారుచేసిన ఈ బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 7 వోల్టుల ఏసీని నేరుగా తీసుకుని, 5 వోల్టుల డీసీని తన మీదే తయారుచేసుకుంటుంది. ఆ కరెంటంతా 44 పిన్నుల ఎడ్జ్ కనెక్టరు గుండానే వెళ్లాలి కాబట్టి, దశాబ్దాల వేడికి అక్కడి పిన్నులు కమిలిపోయి కనిపించడం మామూలే. ప్రాసెసర్ సాకెట్‌లో పదకొండో పిన్నుకూ ఇరవై తొమ్మిదో పిన్నుకూ మధ్య 5 వోల్టులు ఉన్నాయని చూసుకున్న తరువాతే పాడ్‌ను గుచ్చుతాను.

కొత్తగా వాడేవారిని మొదట తికమక పెట్టేది వాచ్‌డాగే. ప్లగ్గు గుచ్చగానే 9010ఏ ‘యాక్టివ్ ఫోర్స్ లైన్’ అని మొరపెట్టుకుని ముందుకు కదలదు. రీసెట్ లైను మాటిమాటికీ కిందికి దిగుతోందని దాని ఫిర్యాదు. అది లోపం కాదు, వాచ్‌డాగ్ తన పని తాను చేయడం. సెటప్‌లోకి వెళ్లి ఆ హెచ్చరికను ఆపివేయాలి, లేదా వాచ్‌డాగ్‌నే తాత్కాలికంగా నిలిపివేయాలి. ఈ సంగతి తెలియక ఒక వారాంతమంతా బాగున్న రీసెట్ సర్క్యూట్‌ను పరీక్షిస్తూ కూర్చున్నాను.

ఇక ఈ పరికరం నిజంగా విలువ చూపేది ర్యామ్ (రాసి చదువుకునే తాత్కాలిక మెమరీ) పరీక్షలో. ప్యాక్‌మ్యాన్‌లో వీడియో ర్యామ్ 4000 నుంచి 43ఎఫ్ఎఫ్ వరకూ, కలర్ ర్యామ్ 4400 నుంచి 47ఎఫ్ఎఫ్ వరకూ, ప్రోగ్రాము వాడుకునే ర్యామ్ 4సీ00 నుంచి 4ఎఫ్ఎఫ్ఎఫ్ వరకూ ఉంటాయి. అన్నీ 2114 అనే మెమరీ చిప్‌లే. ఒక్కో 2114 ప్రతి అడ్రసులోనూ ఎనిమిదికి నాలుగు బిట్లనే దాచగలదు కనుక, ప్రతి భాగానికీ రెండేసి చిప్‌లు జంటగా పనిచేస్తాయి. పరీక్షలో తప్పు దొరికితే పరికరం ఆ అడ్రసుతో పాటు ఏయే బిట్లు తప్పాయో కూడా హెక్స్‌లో చెబుతుంది. ‘ఎఫ్0’ అని చూపితే పై నాలుగు బిట్లు, అంటే జంటలో ఒక్క చిప్పే చెడిందని దాదాపు ఖాయం. ‘ఎఫ్ఎఫ్’ అని చూపితే మాత్రం సోల్డరింగ్ ఐరన్‌ను పక్కన పెట్టాలి. రెండు చిప్‌లూ ఒకేసారి చావడం అరుదు, దారిలో సంకేతాలను అందించే బఫరో, చిప్‌ను ఎంచుకునే చిప్ సెలెక్ట్ లైనో పోవడమే ఎక్కువ. నా మొదటి బోర్డులో వచ్చింది ‘ఎఫ్ఎఫ్’. చివరకు తేలింది, సింక్ బస్ కంట్రోలర్ అనే చిన్న పిల్లబోర్డు పిన్నులకు పట్టిన తుప్పు. పిన్నులు శుభ్రం చేసి తిరిగి బిగించగానే తెర మీద ఆటలోని చిక్కుదారుల బొమ్మ ప్రత్యక్షమైంది. ఒక్క చిప్పు కూడా మార్చనవసరం లేకపోయింది.

పరీక్షలన్నీ వరసగా తానే చేసే ఆటో టెస్ట్ అనే మీటను చాలామంది మెచ్చుకుంటారు, నేను మాత్రం దానిని అరుదుగా వాడతాను. నాకు పనికివచ్చేది లూప్ మీట, దానితో పాటు ప్రోబు. ఒకే అడ్రసును అదేపనిగా చదువుతూ ఉండమని యంత్రానికి చెప్పి, ప్రోబును ఆ చదివే క్షణానికే సింక్ చేసి, అడ్రసును బట్టి చిప్‌లను ఎంచుకునే డీకోడర్ చిప్పు కాళ్లను ఒక్కొక్కటిగా తాకుతూ వెళ్లవచ్చు. ప్రోబు మొనలోని దీపాలు హై, లో స్థితులను చూపుతాయి. సంకేతం ఎక్కడ ఆగిపోయిందో, ఆ పక్కనే దొంగ ఉంటాడు. ఆ కాలపు 74ఎల్‌ఎస్ అనే లాజిక్ చిప్‌లలో ఒక తయారీదారువి మిగిలినవాటికంటే తరచుగా పోవడం చూశాను గనుక, అనుమానమున్నచోట ముందు వాటినే తాకుతాను. మార్చడానికి కావలసిన 74ఎల్‌ఎస్ చిప్‌లను హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో గుప్పెళ్లకొద్దీ తెచ్చుకుంటాను.

ప్రోగ్రామును శాశ్వతంగా దాచే రోమ్ సంగతి వేరు. పరికరం నాలుగు కిలోబైట్ల రోమ్ మొత్తాన్ని చదివి, నాలుగు హెక్స్ అంకెల సిగ్నేచర్‌గా కుదించి చూపుతుంది. బాగున్న బోర్డు నుంచి తీసుకున్న సిగ్నేచర్ మన దగ్గర లేకపోతే ఆ అంకెలకు అర్థం లేదు. నేను ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

కొనదలచినవారు దీని హద్దులు ముందే తెలుసుకోవాలి. ప్రాసెసర్‌కు కనిపించనిది దీనికీ కనిపించదు. రంగుల వివరాలు దాచే కలర్ ప్రామ్‌లు, బొమ్మలను తెర మీదికి నెట్టే షిఫ్ట్ రిజిస్టర్లు, బొమ్మల ఆకారాలు దాచే క్యారెక్టర్ రోమ్‌లు, ఇవన్నీ వీడియో భాగం సొంత ఆస్తి. ర్యామ్, రోమ్ పరీక్షలన్నీ సజావుగా దాటిన బోర్డే ఆటలోని దయ్యాలను సగానికి కోసి చూపించిన సందర్భంలో, నాకు దారి చూపింది సంకేతాన్ని గీతగా గీసి చూపే ఆసిలోస్కోపు: ఒక చిప్పు అవుట్‌పుట్ ‘లో’ అనదగ్గ 0.8 వోల్టుల కిందికీ దిగక, ‘హై’ అనదగ్గ 2 వోల్టుల పైకీ ఎక్కక, నడుమ తేలుతూ కనిపించింది. లాజిక్ ప్రోబుతో ఇలాంటి తేలియాడే గీతను పోల్చుకోవడం కష్టం. అలాగే 9010ఏ పరీక్షలు అసలు ఆట వేగంతో ఎడతెగకుండా సాగేవి కావు. బోర్డు వేడెక్కాక మాత్రమే బయటపడే లోపాలను ఇది పట్టలేకపోయిన సందర్భాలున్నాయి.

వయసు దీనిని కూడా వదలలేదు. ప్రోగ్రాములు దాచుకునే మినీ క్యాసెట్ భాగంలోని రబ్బరు కరిగి తారులా అంటుకుంది. బాగుచేసి లాభం లేదని దాని జోలికి పోవడం మానేశాను. పాడ్ ప్లగ్గు పిన్నుల కోసం మాత్రం ఒక జాగ్రత్త పాటిస్తాను: మంచి రకం నలభై పిన్నుల సాకెట్‌ను ప్లగ్గుకు శాశ్వతంగా తొడిగి ఉంచుతాను. విరిగితే అది విరుగుతుంది, పాడ్ నిలుస్తుంది. ప్రతి నెలా ఒకసారి ప్లగ్గును పాడ్ మీదే ఉన్న సాకెట్‌లో పెట్టి సెల్ఫ్ టెస్ట్ చేస్తాను.

ఇప్పుడు డిఫెండర్ అనే మరో వీడియో గేమ్ బోర్డు ఒకటి బల్ల మీదికి రాబోతోంది గనుక మరో పాడ్ వెతుకుతున్నాను. దాని ప్రాసెసర్ 6809ఈ; పేరులో ‘ఈ’ లేని 6809కు క్లాకు లోపలే తయారవుతుంది, దీనికి బయటి నుంచి రావాలి, పిన్నుల అమరిక కూడా వేరు. మొన్న ఒక అమ్మకందారు ‘6809 పాడ్’ అని చూపినదానికి డబ్బు పంపబోయి, లేబుల్ ఫోటో అడిగి చూశాక ఆగాను.