‘యాడికి’ని ‘ఎక్కడికి’ చేసిన డీటీపీ షాపు

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఒక సందులో ఉన్న డీటీపీ షాపు గురించి ఇది. పేరు చెప్పను. చెబితే రద్దీ పెరిగి నా పని వెనకబడుతుంది, పైగా కొంచెం తిట్టాల్సింది కూడా ఉంది.

నేను మూడేళ్ళ కింద ప్రైవేటు కాలేజీ ఉద్యోగం మానేసి నవలలు రాసుకుంటూ బతుకుతున్నాను. బతకడమంటే పొద్దున నవల, మధ్యాహ్నం ఎవరివో అనువాదాలు, సాయంత్రం ఇద్దరు పిల్లలకు ట్యూషను. మన సీమలో నాకు ఇష్టమైన రచయితలకు చాలామందికి నెల జీతం ఉండేది. సింగమనేని నారాయణ గారు తెలుగు పండితులు, కేతు విశ్వనాథరెడ్డి గారు యూనివర్సిటీలో పనిచేశారు. వాళ్ళ కథలు చదివే రాయడం మొదలుపెట్టాను గానీ జీతం సంగతి మాత్రం వాళ్ళను చూసి నేర్చుకోలేదు. కరెంటు బిల్లు వచ్చిన రోజు టెన్షన్‌లో తెనాలి శారద గుర్తొస్తాడు. అసలు పేరు నటరాజన్, తమిళుడు, హోటల్లో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని నవలలు రాసి 1955లో చిన్న వయసులోనే పోయాడు. నాకు కనీసం కూర్చుని రాసుకోవడానికి కుర్చీ ఉంది.

సరే, షాపు. నేను లాంగ్ నోట్‌బుక్కుల్లో చేత్తో రాస్తాను, సొంతంగానే అచ్చు వేసుకుంటాను, కాబట్టి టైపింగు, పేజీలు కట్టడం, ప్రెస్సుకు ఫైలు ఇవ్వడం అన్నీ వీళ్ళ చేతిలోనే. పేజీకి 30 రూపాయలు తీసుకున్నారు. రెండు ప్రూఫులు అందులోనే, మూడోది కావాలంటే అదనం. సగం అడ్వాన్సు.

మొదటి ప్రూఫ్ తెచ్చుకుని ఇంట్లో విప్పితే నా పాత్రలన్నీ టీవీలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతున్నాయి. ‘యాడికి పోతాండావు నాయనా’ అని నేను రాస్తే ‘ఎక్కడికి వెళ్తున్నావు నాన్నా’ అని ఉంది. ఇట్లా 40 పేజీలు! ఆ పూటే పరిగెత్తాను. "తప్పులన్నీ దిద్దినానన్నా" అంది టైపు చేసే అమ్మాయి, మెచ్చుకుంటానేమోనని చూస్తూ. ఆమె మాట్లాడేది అచ్చం నా పాత్రల భాషే, అయినా అచ్చులోకి వచ్చేసరికి అది తప్పనిపించింది, ఏం చేస్తాం, బళ్ళో మనకు నేర్పింది అదే కదా. మరుసటి రోజు బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ తీసుకెళ్ళి, ఇది మన సీమ నవలే, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, మాటలు చూడమ్మా అని రెండు పేజీలు చదివించాను. "ఇట్ల కూడా రాయొచ్చా?" అని మళ్ళీ మొదటినుంచి కూర్చుంది. డబ్బులు అడగలేదు గానీ పని వారం లేటయింది. ఒక్క చోట మాత్రం ‘యాడికి’ని మొదటిసారే వదిలేసిందట, తాడిపత్రి దగ్గర ఊరి పేరనుకుని.

ఇంత జరిగినా నేను వేరే షాపు చూసుకోకపోవడానికి కారణం రెండో ప్రూఫ్. ఆమె ఫోన్ చేసి, "అన్నా, మీ పెద్దాయన 63వ పేజీలో చచ్చిపోయినాడు కదా, 118లో ఎద్దులకు నీళ్ళు పెడుతుండాడే?" అంది. ఆ నవలను నేను నాలుగుసార్లు తిరగరాశాను, ఇద్దరు స్నేహితులు చదివి బాగుందన్నారు, ఒక్కరూ పట్టుకోలేదు.

ఇంకోటి ఫారాల లెక్క. డెమీ సైజు పుస్తకంలో 16 పేజీలు ఒక ఫారం, అంటే ప్రెస్సులో ఒక పెద్ద కాగితం మీద కలిసి పడేవి, నాది 226 వచ్చింది. ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం ఎందుకన్నా, 224కు తెస్తే 14 ఫారాలతో సరిపోతుంది అని ఆమే చెప్పింది. రాత్రంతా కూర్చుని పెళ్ళి సీనులో వంటల వర్ణన తీసేశాను. మంచి వర్ణనే, ఇప్పటికీ బాధే.

యూనికోడ్ కాని పాత రకం అను ఫాంట్లలో టైపు చేస్తారు, ప్రెస్సుకు ఇబ్బంది లేదు. ఈబుక్ కూడా వేద్దామనుకుంటే ముందే యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా తెలుగు కనిపించే పద్ధతిలో, టైపు చేయమని అడగండి. నేను తర్వాత మార్పించుకుంటే వత్తులు చెదిరిపోయి మొత్తం పుస్తకం మళ్ళీ చదువుకోవాల్సి వచ్చింది, ఆ పనికి వాళ్ళు వేరే డబ్బు తీసుకున్నారు, అది నాకు నచ్చలేదు. ఫైలు కాపీ కూడా పెన్‌డ్రైవ్‌లో ఆ రోజే తీసుకోండి. ఏప్రిల్‌లో వెళ్ళొద్దు, ప్రాజెక్టు రిపోర్టుల పిల్లలు మెట్లమీదకు వచ్చేసి ఉంటారు, నవల అంటే చివర్లో చూద్దాంలే అంటారు.

ఐదుకు నాలుగు ఇస్తాను. లెక్కల పుస్తకంలో నా పేరుకు బదులు ‘నవల సార్’ అని రాసుకున్నారు. రెండో నవల మొదటి నోట్‌బుక్కు సోమవారం ఇచ్చొచ్చాను. అడ్వాన్సు ఇంకా కట్టలేదు, అనువాదం డబ్బులు పడాలి.