రెండేళ్ల పోస్ట్‌బ్యాక్ చదువు: పట్టికలో చివరి వరుస

న్యూజెర్సీలో బయాలజీ డిగ్రీని 2.9 జీపీఏతో (గ్రేడుల సగటుతో) ముగించిన నేను, వైద్య కళాశాలలో సీటు కోసం, ఉద్యోగం చేసుకుంటూనే ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రెండేళ్లపాటు సాయంకాలపు పోస్ట్‌బ్యాక్ తరగతులకు (డిగ్రీ అయ్యాక మళ్లీ డిగ్రీ స్థాయి సబ్జెక్టులు చదివే తరగతులకు) వెళ్లి, 32 క్రెడిట్లకూ ఏ గ్రేడు తెచ్చుకున్నాను. ఈ మార్గం నాకు ఎంతో మేలు చేసింది. అయితే ఏ మేలు కోరి చేరానో అది మాత్రం దక్కలేదు.

మొత్తం జీపీఏ బాగా పెరుగుతుందని చేరాను. పాత 120 క్రెడిట్లకు కొత్త 32 కలిపి లెక్క కడితే వచ్చేది 3.13 మాత్రమేనని, ఫీజు కట్టకముందే కాగితం మీద వేసి చూసుకోవలసింది. పైగా ఆర్గానిక్ కెమిస్ట్రీని మళ్లీ చదివి ఏ తెచ్చుకుంటే పాత సీ గ్రేడు చెరిగిపోతుందని బంధువుల్లో ఒక అన్నయ్య చెప్పిన మాట నమ్మాను. ఆయన దరఖాస్తు చేసిన రోజుల్లో డీవో (ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ) కళాశాలల ఉమ్మడి దరఖాస్తు సేవ ఆకోమాస్‌లో ఆ వెసులుబాటు నిజంగానే ఉండేది. 2017లో దానిని ఎత్తివేశారు. ఎండీ (ఇక్కడ మొదటి వైద్య డిగ్రీయే) కళాశాలల దరఖాస్తు సేవ ఆమ్‌క్యాస్ కూడా రెండు ప్రయత్నాలనూ లెక్కిస్తుంది. అందువల్ల ఆ సబ్జెక్టులో నా సగటు 3.0 దగ్గరే ఆగింది. ఆ సెమిస్టరులో బయోకెమిస్ట్రీ చదివి ఉండవలసిందని ఇప్పటికీ బాధపడతాను.

అనుకోని సంతోషం దరఖాస్తు పరిశీలన పూర్తయిన రోజున కలిగింది. ఆమ్‌క్యాస్ జీపీఏను ఒక్క అంకెగా చూపి వదిలేయదు. మొదటి ఏడు నుంచి నాలుగో ఏడు దాకా ఒక్కో వరుస, పోస్ట్‌బ్యాక్‌కు మరో వరుస ఇచ్చి, సైన్సు, గణితాల సగటును వేరే గడిలో చూపుతుంది. నాన్నగారు మంచాన పడిన రెండో ఏడు ఎదురుగా 2.3, దానికి మూడు వరుసల కింద 4.0. ఆ పట్టికను అమ్మకు చూపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేకపోయాం. మరుసటి ఏడాది ఇంటర్వ్యూలో ఒక వైద్యురాలు కూడా ఆ రెండు అంకెల గురించే, మధ్యలో ఏమి మారిందని అడిగారు.

అయినా ఆ వరుసే సీటు తెచ్చిందని గట్టిగా చెప్పలేను. మొదటి ఏడాది ఒక్క ఇంటర్వ్యూ పిలుపూ రాలేదు. వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ మళ్లీ రాసి 513 తెచ్చుకున్నాక రెండు వచ్చాయి, రెండూ డీవో కళాశాలల నుంచే. వాటిలో ఒకదానిలో ఇప్పుడు మొదటి సంవత్సరం చదువుతున్నాను.

నేను ఇక్కడి పౌరురాలిని, అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ రాష్ట్రవాసుల ఫీజుతో చదివాను. ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవారికి ఇలా సాయంత్రాలు రెండేసి సబ్జెక్టులు చదవడం కుదరదు. చాలా ఎండీ కళాశాలలు విదేశీ విద్యార్థుల దరఖాస్తులే తీసుకోవు. హైదరాబాదులో డిగ్రీ చేసి వచ్చి స్థిరపడిన మా వదినగారి పరిస్థితి వేరు. అక్కడి మార్కులను ఆమ్‌క్యాస్ లెక్కలో కలపదు కనుక, ఇక్కడ చదివే ప్రతి క్రెడిటూ ఆమె జీపీఏను నేరుగా నిర్ణయిస్తుంది. ఆమెకైతే చేరమనే చెప్పాను.