యాంకర్, యింగ్లింగ్: ఊరి బీరు ఎవరి చేతిలో ఉంటే మేలు?

ఒక ఊళ్లో పుట్టి పెరిగిన బీరును ఇంటివాళ్లే నడుపుకోవడం మేలా, పెద్ద కంపెనీకి అమ్మేయడం మేలా? అమెరికాలోని యింగ్లింగ్, యాంకర్ అనే రెండు బ్రూవరీలను, అంటే బీరు తయారీ కంపెనీలను, పక్కపక్కన పెట్టి చూశాక నా మనసు ఇంటివాళ్ల వైపే మొగ్గింది. అయితే రక్తసంబంధం ఒక్కటే దానికి కారణం కాదు.

జర్మనీ నుంచి వలస వచ్చిన డేవిడ్ యింగ్లింగ్ 1829లో పెన్సిల్వేనియాలోని పాట్స్‌విల్‌లో బ్రూవరీ పెట్టాడు. రెండేళ్లకే అది తగలబడితే మళ్లీ కట్టాడు. ఫ్రిజ్‌లు లేని రోజులు కదా, కొండను తొలిచి ఆ సొరంగాల చల్లదనంలో బీరు నిలవ చేసేవారు. 1920లో మద్యనిషేధం వస్తే ఐస్‌క్రీం అమ్మారు, మత్తులేని బీరు కాచారు, అంతేగానీ చేతులెత్తేయలేదు. ఈ ఇంటి ఆనవాయితీ నాకు మరీ నచ్చింది. బ్రూవరీ వారసత్వంగా ఊరికే రాదు, పెద్దవాళ్ల దగ్గర పిల్లలు డబ్బిచ్చి కొనుక్కోవాల్సిందే. డిక్ యింగ్లింగ్ 1985లో తండ్రి దగ్గర అలాగే కొన్నాడు. ఆయన నలుగురు కూతుళ్లూ ఇప్పుడు అందులోనే పనిచేస్తున్నారు. ఆ రాష్ట్రంలో బార్‌కెళ్లి 'లాగర్' (చల్లగా పులియబెట్టే ఒక రకం బీరు) అంటే చాలు, యింగ్లింగ్ తెచ్చి పెడతారు.

శాన్‌ఫ్రాన్సిస్కో యాంకర్‌ది చేతులు మారిన కథ. ఆ పేరు 1896 నాటిది. 1965లో మూతపడబోతుంటే, వాషింగ్ మెషీన్ల మేటాగ్ కుటుంబానికి చెందిన ఫ్రిట్జ్ 51 శాతం వాటా కొన్నాడు. అక్కడి స్టీమ్ బీరు తయారీయే వేరు. చల్లగా పులియాల్సిన లాగర్ ఈస్ట్‌ను (బీరును పులియబెట్టే సూక్ష్మజీవిని) లోతు తక్కువున్న వెడల్పాటి తొట్లలో, మూత లేకుండా, కాస్త వెచ్చగానే పులియనిస్తారు. ఐసు దొరకని కాలంలో పుట్టిన పద్ధతి అది. మేటాగ్ దాన్ని 45 ఏళ్లు కాపాడాడు. 2010లో అమ్మేశాడు. 2017లో జపాన్ బీరు కంపెనీ సపోరో కొంది. 2021లో చేత్తో గీసిన పాత లేబుల్ పోయింది, 2023లో బ్రూవరీయే మూతపడింది.

కరోనా రోజుల్లో బార్లు మూతపడడం యాంకర్‌ను గట్టిగా దెబ్బతీసింది, కాదనను. కానీ సపోరోకు యాంకర్ ఉన్న వ్యాపారాల్లో ఒకటి. యింగ్లింగ్ వాళ్లకు బ్రూవరీయే ఇల్లు. మేటాగ్‌కు అది తాతల ఆస్తి కాకపోయినా సొంత బిడ్డలా చూసుకున్నాడు, అందుకే అన్నేళ్లు నిలిచింది.

పెద్ద కంపెనీ సాయం తీసుకోక తప్పదనిపిస్తే యింగ్లింగ్ 2020లో పట్టిన దారి మేలు. మోల్సన్ కూర్స్ అనే పెద్ద బీరు కంపెనీతో చేయి కలిపి టెక్సస్‌లో బీరు కాయించుకుంటున్నారు, యాజమాన్యం మాత్రం వదులుకోలేదు.

యాంకర్‌ను 2024లో చోబానీ పెరుగు కంపెనీ పెట్టిన హమ్దీ ఉలుకాయా కొన్నాడు. ఆయన ఆ తొట్లలో మళ్లీ బీరు పులియబెడితే, సీసా మీద నేను ముందు వెతికేది ఆ పాత లేబులే.