ఒకే పటమా, కణజాలానికో పటమా?

ప్రోటీన్ల పొత్తులను, అంటే ఏ ప్రోటీన్ దేనికి అతుక్కుంటుందో, శరీరమంతటికీ ఒకే పటంగా గీయవచ్చు. అందులోని చాలా జతలు ఈస్ట్ కణాల్లో పరీక్షించి పట్టుకున్నవి. విస్తృతి దాని బలం. కానీ జతలోని రెండు ప్రోటీన్లూ, ఉదాహరణకు, కాలేయంలో అసలు ఎదురుపడతాయో లేదో చెప్పదు. కణజాలానికో పటం గీస్తే, అక్కడ తయారుకాని ప్రోటీన్లు తొలగిపోతాయి.

హంటింగ్టిన్‌నే చూడండి. ఈ ప్రోటీన్ దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. దాని జన్యువులో సీఏజీ అనే మూడు డీఎన్ఏ అక్షరాల వరుస 40 లేదా అంతకన్నా ఎక్కువ సార్లు ఉంటే హంటింగ్టన్ వ్యాధి వస్తుంది. అయినా ముందుగా నశించేది మెదడు లోతుల్లోని స్ట్రయేటమ్ నాడీకణాలే! మొదటి పటానికి ఈ పక్షపాతం అంతుపట్టదు. రెండోది స్ట్రయేటమ్‌లో దండిగా ఉండే రెస్ ప్రోటీన్‌ను చూపిస్తుంది. మార్పుచెందిన హంటింగ్టిన్‌కు అతుక్కుని రెస్ దాని విషాన్ని పెంచుతుందని కణాలపై ప్రయోగాల్లో తేలింది.

నా ఓటు రెండోదానికే. ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి తీసిన నకలు) కొలతలతోనే గీసిన పటమైతే మాత్రం కాస్త అనుమానంగా చూస్తాను: ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉంటే ప్రోటీన్ అంత ఉంటుందని లేదు.